తగ్గేది సంఖ్యే, భారం కాదు: ఆయుధ కొనుగోళ్ల కోతలు చెబుతున్న లెక్క

డబ్బు చాలనప్పుడు ప్రభుత్వాలు యుద్ధ విమానాలు, నౌకల సంఖ్యను తగ్గిస్తాయి. ఒక్కోదాని ధర మాత్రం ఆ మేరకు తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది. అవసరం కూడా మాయం కాదు. కొన్నేళ్ల తర్వాత మరింత ఖరీదై తిరిగి వస్తుంది. అమెరికా, బ్రిటన్‌ల అనుభవంలోనూ, భారత్ గత రెండు దశాబ్దాల కొనుగోళ్లలోనూ కనిపించేది ఇదే.

భారత వైమానిక దళ చరిత్రలో 2025 సెప్టెంబరు 25, 26 తేదీలు పక్కపక్కన పెట్టి చూడవలసినవి. మొదటి రోజు రక్షణ శాఖ 97 తేజస్ మార్క్-1ఎ యుద్ధ విమానాల కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (హెచ్ఏఎల్)తో రూ.62,370 కోట్ల ఒప్పందం చేసుకుంది. మరునాడు చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకు వీడ్కోలు పలికారు. ఆరు దశాబ్దాలకు పైగా సేవలందించిన ఆ విమానాలు తప్పుకోవడంతో వైమానిక దళంలో యుద్ధ విమానాల స్క్వాడ్రన్లు 29కి పడిపోయాయి. ప్రభుత్వం మంజూరు చేసిన సంఖ్య 42. స్క్వాడ్రన్‌కు 16 నుంచి 18 విమానాలు ఉంటాయనుకుంటే ఈ లోటు రెండు వందల విమానాలకు పైమాటే. కొత్త తేజస్‌ల రాక 2027–28లో మొదలై ఆరేళ్లపాటు సాగవలసి ఉంది.

ఈ లోటు ఒక్క రోజులో పుట్టింది కాదు. 126 యుద్ధ విమానాలు కొనాలని 2007లో మొదలైన ప్రయత్నం 2016లో 36 దగ్గర ఆగింది. దేశీయ విమానాల తయారీ ఏళ్ల తరబడి ఆలస్యమైంది. పాత విమానాలను గడువు దాటిన తర్వాత కూడా నడపవలసి వచ్చింది. సంఖ్యను కుదించిన నాడు ఖజానాకు మిగిలిందని అనుకున్నది, ఇప్పుడు వేర్వేరు ఒప్పందాల రూపంలో మళ్లీ ఖర్చవుతోంది.

ధర ఎందుకు పెరుగుతుంది?

ఆయుధ వ్యవస్థ ఖర్చులో రెండు భాగాలు ఉంటాయి. పరిశోధన, రూపకల్పన, నమూనాల తయారీ, పరీక్షలు, కర్మాగారంలో యంత్రాల ఏర్పాటు మొదటి భాగం. ఒక్క విమానం చేసినా, వంద చేసినా ఈ ఖర్చు దాదాపు ఒకటే. లోహం, ఇంజిన్, ఎలక్ట్రానిక్ పరికరాలు, కార్మికుల శ్రమ రెండో భాగం. ఇది విమానాల సంఖ్యను బట్టి మారుతుంది.

ఊహాజనితమైన ఒక లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. విమానం అభివృద్ధికి రూ.10,000 కోట్లు, తయారీకి ఒక్కోదానికి రూ.200 కోట్లు అవుతాయనుకుందాం. వంద విమానాలు కొంటే మొత్తం రూ.30,000 కోట్లు, ఒక్కోటి రూ.300 కోట్లు. డబ్బు చాలక పాతిక విమానాలతో సరిపెట్టుకుంటే మొత్తం రూ.15,000 కోట్లు, ఒక్కోటి రూ.600 కోట్లు. సంఖ్యలో ముప్పాతిక వంతు పోయింది, ఖర్చులో సగమే తగ్గింది. చింత చచ్చినా పులుపు చావనట్టు, విమానాలు పోయినా అభివృద్ధి ఖర్చు పోదు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఒక్కో విమానం రూ.600 కోట్లని తేలగానే చట్టసభలోనూ, పత్రికల్లోనూ విమర్శలు వస్తాయి. ఇంత ఖరీదైనది ఎందుకంటూ మరికొన్నింటిని తగ్గిస్తారు. ధర ఇంకా పెరుగుతుంది. ఎక్కువ సంఖ్యలో చేస్తున్నకొద్దీ కార్మికులకు చేయి తిరిగి, విడిభాగాలు చౌకగా దొరికి తయారీ ఖర్చు తగ్గుతుంది. సంఖ్య కుదించడంతో ఆ లాభం కూడా దక్కదు. అమెరికా రక్షణ వర్గాలు దీన్ని ‘డెత్ స్పైరల్’ అంటాయి. కోత వల్ల ధర, ధర వల్ల కోత అనే ఈ సుడిలో చిక్కుకున్న కార్యక్రమాలు చివరకు నామమాత్రంగా మిగులుతాయి.

132 నుంచి 21కి

దీనికి ఎక్కువగా చెప్పే ఉదాహరణ అమెరికా బి-2 బాంబర్. సోవియట్ రాడార్లకు చిక్కకుండా ఎగిరే ఈ విమానాలు 132 కావాలని మొదట అనుకున్నారు. 1990లో నాటి రక్షణ మంత్రి డిక్ చెనీ ఆ సంఖ్యను 75కు తగ్గించారు. సోవియట్ యూనియన్ కూలిన తర్వాత, 1992 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్ ఇరవైతో ఆపేస్తున్నట్టు ప్రకటించారు. పరీక్షలకు వాడిన మరో విమానాన్ని తర్వాత దళంలో చేర్చుకోవడంతో మొత్తం 21 అయ్యాయి.

1997 నాటి లెక్కల ప్రకారం ఈ కార్యక్రమానికి అయిన మొత్తం ఖర్చు సుమారు 4,475 కోట్ల డాలర్లు. అభివృద్ధి వ్యయాన్ని కూడా కలిపి పంచితే ఒక్కో విమానానికి దాదాపు 213 కోట్ల డాలర్లు పడింది. కొనుగోలు ఖర్చు మాత్రమే చూస్తే సగటున 73.7 కోట్ల డాలర్లు. ఈ రెండు అంకెల మధ్య తేడాయే అందరికీ తెలియవలసిన పాఠం. ఆ తేడాలో అత్యధిక భాగం 132 విమానాల మీద పరుచుకోవలసిన అభివృద్ధి భారం. అది 21 విమానాల మీద పడింది.

ఎఫ్-22 యుద్ధ విమానాలదీ అదే దారి. 750 కావాలని మొదలుపెట్టి, దళంలో చేరే విమానాలు 187 అయ్యేసరికి ఆపేశారు. 2009లో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఈ నిర్ణయం తీసుకున్నారు. మరో ఏడు విమానాల కోసం పెట్టిన నిధులను అదే ఏడాది జులైలో సెనేట్ 58–40 ఓట్లతో తొలగించింది. అప్పటికి అది సబబైన నిర్ణయమే అనిపించింది. ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో శత్రువుకు యుద్ధ విమానాలే లేవు. అయితే చైనా వైమానిక బలం పెరగడంతో, మూసేసిన కర్మాగారాన్ని మళ్లీ తెరవవచ్చా అని కాంగ్రెస్ అడిగింది. 194 విమానాలకు సుమారు 5,000 కోట్ల డాలర్లు కావాలని, తయారీని తిరిగి మొదలుపెట్టడానికే 700 నుంచి 1,000 కోట్ల డాలర్లు పోతాయని వైమానిక దళం 2017లో నివేదించింది. ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

జుమ్‌వాల్ట్ తరగతి విధ్వంసక నౌకల కథ ఇంకా విడ్డూరం. 32 నౌకలు కట్టాలనుకుని మూడు కట్టారు. తీరంలోని లక్ష్యాలను దూరం నుంచి కొట్టడానికి ఈ నౌకల మీద ప్రత్యేక ఫిరంగులు అమర్చారు. ఆ ఫిరంగులకు ప్రత్యేక గుండ్లు కావాలి. నౌకల సంఖ్య పడిపోవడంతో గుండ్ల గిరాకీ కూడా పడిపోయి, ఒక్కో గుండు ధర సుమారు 8 లక్షల డాలర్లకు చేరింది. 2016లో ఆ గుండ్ల కొనుగోలును నౌకాదళం మానుకుంది. కోట్లాది డాలర్ల నౌకలు, వాటి మీద కాల్చడానికి గుండు లేని ఫిరంగులు మిగిలాయి. ఇప్పుడు వాటిని తీసివేసి హైపర్‌సోనిక్ క్షిపణులకు చోటు చేస్తున్నారు.

ఖర్చు హద్దు మీరితే హెచ్చరించే చట్టం అమెరికాలో 1980ల ఆరంభం నుంచే ఉంది. దాన్ని ప్రతిపాదించిన ఇద్దరు చట్టసభ సభ్యుల పేరిట నన్–మెకర్డీ నిబంధన అంటారు. అంచనా కంటే ఖర్చు నిర్ణీత శాతం దాటితే కాంగ్రెస్‌కు తెలపాలి. మరీ దాటితే రక్షణ శాఖ ఆ కార్యక్రమం దేశ భద్రతకు తప్పనిసరి అని ధ్రువీకరించాలి, లేదా రద్దు చేయాలి. కొత్త ఖండాంతర క్షిపణి సెంటినెల్ విషయంలో 2024లో ఇదే జరిగింది. 2020 నాటి అంచనా కంటే ఖర్చు 81 శాతం పెరిగి దాదాపు 14,100 కోట్ల డాలర్లకు చేరినా, ప్రత్యామ్నాయం లేదంటూ రక్షణ శాఖ దాన్ని కొనసాగించింది. చట్టం కోతను ఆపలేదు, ఖర్చునూ ఆపలేదు. కానీ ఎంత పెరిగిందో, ఎందుకు పెరిగిందో ప్రజల ముందు పెట్టింది.

బ్రిటన్ వదులుకున్న కళ్లు

కోత వల్ల ధర పెరగడం ఒక నష్టం. కోత విధించిన చోట ఖాళీ ఏర్పడటం ఇంకో నష్టం. దీనికి బ్రిటన్ ఉదాహరణ. సముద్రం మీద గస్తీ తిరుగుతూ జలాంతర్గాములను పసిగట్టే నిమ్రాడ్ విమానాలు 21 కావాలని 1996లో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆలస్యంతో పాటు ఖర్చు పెరిగి, సంఖ్య మెట్లు మెట్లుగా దిగి తొమ్మిదికి చేరింది. 2010 అక్టోబరులో ఆర్థిక పొదుపు చర్యల్లో భాగంగా కార్యక్రమాన్నే రద్దు చేశారు. అప్పటికి 300 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయింది. దాదాపు సిద్ధమైన విమానాలను మరుసటి ఏడాది ముక్కలు చేశారు.

చుట్టూ సముద్రం ఉన్న దేశానికి గస్తీ విమానాలు లేకుండా పోయాయి. 2014 చివర్లో స్కాట్లండ్ తీరానికి సమీపంలో విదేశీ జలాంతర్గామి ఉందన్న అనుమానంతో వెదకవలసి వచ్చినప్పుడు మిత్రదేశాల విమానాలను పిలిపించుకున్నారు. మరుసటి ఏడాదే అమెరికా నుంచి తొమ్మిది పి-8 విమానాలు కొనాలని నిర్ణయించారు. మొదటిది 2020లో బ్రిటన్‌కు చేరింది. వద్దనుకున్నదాన్ని పదేళ్ల తర్వాత మళ్లీ కొన్నారు. అదే సమీక్షలో రెండు విమానవాహక నౌకల నిర్మాణం మాత్రం ఆగలేదు. రద్దు చేస్తే, కట్టడానికి అయ్యేదానికంటే ఎక్కువ చెల్లించవలసి వస్తుందని ప్రభుత్వమే చెప్పింది. అంటే ఒప్పందం ఎంత గట్టిగా రాసుకున్నారన్నది కూడా ఏది బతకాలో నిర్ణయిస్తుంది. దేశానికి ఏది ఎక్కువ అవసరమన్న ప్రశ్న వెనకబడుతుంది.

మన పద్దులో ఎంత మిగులుతోంది?

భారత్‌లో ఈ సమస్య రూపం కొంత వేరు. ఇక్కడ అభివృద్ధి ఖర్చు విపరీతంగా పెరగడం కంటే, కొనుగోళ్లకు చేతికి వచ్చే డబ్బు పరిమితం కావడం పెద్ద కారణం. 2025–26 బడ్జెట్‌లో రక్షణకు రూ.6.81 లక్షల కోట్లు కేటాయించారు. పైకి పెద్ద మొత్తమే. అందులో పింఛన్లకు రూ.1.61 లక్షల కోట్లు. జీతభత్యాలు, ఇంధనం, మరమ్మతులు, రోజువారీ నిర్వహణకు రూ.3.12 లక్షల కోట్లు. మూలధన వ్యయానికి దక్కింది రూ.1.80 లక్షల కోట్లు, అంటే నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. అందులోనూ కొత్త ఆయుధాలకు, ఆధునికీకరణకు ఉద్దేశించింది రూ.1.49 లక్షల కోట్లు.

ఆ మొత్తమంతా కొత్త కొనుగోళ్లకే అందుబాటులో ఉండదు. యుద్ధ నౌకకో, విమానాల శ్రేణికో ఒప్పందం జరిగితే చెల్లింపులు ఐదు నుంచి పదేళ్ల దాకా సాగుతాయి. ఏటా వచ్చే నిధుల్లో పెద్ద భాగం పాత ఒప్పందాల వాయిదాలకే పోతుంది. ఈ చిక్కు ఎంత తీవ్రమైనదో 2018 మార్చిలో బయటపడింది. నాటి సైన్యం ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ పార్లమెంటు స్థాయీ సంఘానికి ఒక లెక్క సమర్పించారు. సైన్యానికి ఆధునికీకరణ కింద ఇచ్చింది రూ.21,338 కోట్లు. అప్పటికే నడుస్తున్న 125 పథకాలకు చెల్లించవలసింది రూ.29,033 కోట్లు. కొత్తవి కొనడం మాట అటుంచి, పాత వాయిదాలకే డబ్బు చాలలేదు. సైన్యం వద్ద ఉన్న సామగ్రిలో 68 శాతం కాలం చెల్లిన తరానిదని కూడా ఆయన చెప్పారు.

పింఛన్ల భారాన్ని నిందించడం తేలిక. కానీ అది దేశం సైనికుడికి ఇచ్చిన మాట. ఒకే ర్యాంకుకు ఒకే పింఛను డిమాండు న్యాయమైనదని అన్ని పార్టీలూ ఒప్పుకున్నాయి. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం దీర్ఘకాలంలో ఈ భారాన్ని తగ్గిస్తుందన్న అంచనాలు ఉన్నాయి. అయితే ఆ ఫలితం పద్దుల్లో కనిపించడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు కత్తెర పడేది మూలధన వ్యయం మీదే. జీతాన్నీ, పింఛనునూ వాయిదా వేయలేరు. విమానాల కొనుగోలును వేయగలరు.

126లో 36

రఫేల్ ఉదంతం ఈ నేపథ్యంలోనే చూడాలి. 2007 ఆగస్టులో 126 మధ్యశ్రేణి యుద్ధ విమానాలకు టెండర్లు పిలిచినప్పుడు రక్షణ శాఖ అంచనా రూ.42,000 కోట్లు. ఆరు విమానాలు పోటీ పడ్డాయి. 2012 జనవరిలో రఫేల్ ముందు నిలిచింది. 18 విమానాలు నేరుగా వచ్చేలా, 108 హెచ్ఏఎల్ తయారు చేసేలా ప్రతిపాదన. ధర, హామీల మీద చర్చలు మూడేళ్లకు పైగా సాగాయి. 2015 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ పారిస్‌లో 36 విమానాల కొనుగోలును ప్రకటించారు. 126 కొనడం ఆర్థికంగా మోయలేని భారమని నాటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ ఆ రోజుల్లో బహిరంగంగానే చెప్పారు. 2016 సెప్టెంబరులో సుమారు 787 కోట్ల యూరోలకు, అంటే దాదాపు రూ.59,000 కోట్లకు ఒప్పందం కుదిరింది.

2007 నాటి రూ.42,000 కోట్లను, 2016 నాటి రూ.59,000 కోట్లను నేరుగా పోల్చడం సరికాదు. రెండో మొత్తంలో ఆయుధాలు, విడిభాగాలు, నిర్వహణ సాయం, భారత్ కోరిన ప్రత్యేక మార్పులు ఉన్నాయి. ఆ తొమ్మిదేళ్లలో ధరలు పెరిగాయి, రూపాయి విలువ తగ్గింది. ఈ ఒప్పందం చుట్టూ సాగిన రాజకీయ వివాదం వేరే విషయం. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే. భారత్ కోరిన 13 మార్పుల రూపకల్పన ఒకసారి పెట్టే ఖర్చు. అది 126కు బదులు 36 విమానాల మీద పడటంతో ఒక్కోదాని ధర పెరిగిందని ‘ద హిందూ’ పత్రిక 2019 జనవరిలో రాసింది. 2007 నాటి ప్రతిపాదనను అదే ప్రమాణాలకు తెచ్చి పోలిస్తే మొత్తం ఒప్పందం 2.86 శాతం చౌక అని మరుసటి నెల కాగ్ నివేదిక తేల్చింది. ఏ లెక్కను అంగీకరించినా, తక్కువ సంఖ్య మీద స్థిర వ్యయం ఎక్కువగా పడుతుందన్న సూత్రం మారదు. అంబాలా, హసిమారా స్థావరాల్లో చేసిన ఏర్పాట్లకూ ఇదే వర్తిస్తుంది.

మిగిలిన 90 విమానాల అవసరం ఎక్కడికీ పోలేదు. 2018 ఏప్రిల్‌లో వైమానిక దళం సుమారు 110 విమానాల కోసం తయారీ సంస్థల నుంచి మళ్లీ సమాచారం కోరింది. నౌకాదళానికి 26 రఫేల్-ఎం విమానాల కోసం 2025 ఏప్రిల్‌లో సుమారు రూ.63,000 కోట్ల ఒప్పందం జరిగింది. నౌక మీద దిగే విమానాలు, వాటి ఆయుధాలు, శిక్షణ, నిర్వహణ కలిసిన ఈ ధరను పాత ధరతో సరిపోల్చలేం. అయినా 36 విమానాలకు పెట్టినదానికి మించిన మొత్తం, తొమ్మిదేళ్ల తర్వాత 26 విమానాలకు పెడుతున్నామన్న వాస్తవం ఆలోచింపజేస్తుంది.

సముద్రంలో ఖాళీలు

నౌకాదళం ఈ కోతలను మరింత స్పష్టంగా చవిచూసింది. 2012లో రక్షణ బడ్జెట్‌లో 18 శాతంగా ఉన్న తమ వాటా 13 శాతానికి తగ్గిందని 2019 డిసెంబరులో నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ కరమ్‌బీర్ సింగ్ చెప్పారు. 2027 నాటికి 200 నౌకలు ఉండాలన్న లక్ష్యం 175కు తగ్గింది. జలాంతర్గాములను వెదికే పి-8ఐ విమానాలు అప్పటికే ఒప్పందం చేసుకున్న 12కు తోడు మరో పది కావాలని నౌకాదళం కోరితే, 2019లో ఆమోదం దక్కింది ఆరింటికే.

మందుపాతరలను తొలగించే నౌకల ఉదంతం అన్నిటికంటే చెప్పుకోదగ్గది. ఓడరేవు ముఖద్వారంలో నాలుగు మందుపాతరలు వేస్తే చాలు, వాణిజ్యం స్తంభిస్తుంది. విశాఖ, ముంబయి వంటి రేవులకు, అక్కడున్న నౌకాదళ స్థావరాలకు ఇది నిత్య ముప్పు. దక్షిణ కొరియా సంస్థ సాంకేతికతతో గోవా షిప్‌యార్డులో 12 నౌకలు కట్టాలన్న సుమారు రూ.32,000 కోట్ల ప్రతిపాదన ధర, సాంకేతిక బదిలీ షరతుల మీద ఎడతెగని చర్చల తర్వాత 2018లో రద్దయింది. ఉన్న పాత నౌకల్లో చివరిది ఐఎన్ఎస్ కోళికోడ్ 2019లో విధుల నుంచి తప్పుకుంది. అప్పటి నుంచి ఈ పనికి ప్రత్యేకించిన నౌక నౌకాదళం వద్ద ఒక్కటీ లేదు. 2025 జులైలో రక్షణ కొనుగోళ్ల మండలి మళ్లీ 12 నౌకలకు ప్రాథమిక ఆమోదం తెలిపింది. ఈసారి అంచనా సుమారు రూ.44,000 కోట్లు. ఏడేళ్ల ఆలస్యం ఖరీదు దాదాపు రూ.12,000 కోట్లు. ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందన్న మాట ఇక్కడ అంకెల్లో కనిపిస్తుంది.

సైన్యాన్ని, ట్యాంకులను తీరానికి చేరవేసే నాలుగు భారీ నౌకల టెండరు కూడా 2020లో రద్దయింది. వీటిలో రెండింటిని విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టాలన్నది మొదటి ఆలోచన. ఆ సంస్థకు పెద్ద పని దొరకడానికి, ఐదు సరఫరా నౌకల కోసం సుమారు రూ.19,000 కోట్ల ఒప్పందం కుదిరే 2023 ఆగస్టు వరకు ఆగవలసి వచ్చింది. నౌకా నిర్మాణంలో నైపుణ్యం పుస్తకాల్లో దాచుకునేది కాదు. వెల్డింగ్ చేసేవారు, పైపులు బిగించేవారు, డిజైన్ ఇంజినీర్లు పని లేక వెళ్లిపోతే, తర్వాత వచ్చే ఒప్పందానికి వారిని మళ్లీ సమకూర్చుకునే ఖర్చు కూడా తోడవుతుంది.

కొండల్లో ఆగిన దళం

కోతలు యంత్రాలకే పరిమితం కాలేదు. చైనా సరిహద్దు కోసం పర్వత దాడి దళాన్ని (17వ కోర్) ఏర్పాటు చేయాలని 2013 జులైలో మంత్రివర్గ భద్రతా సంఘం నిర్ణయించింది. దాదాపు 90,000 మంది సైనికులు, రూ.64,000 కోట్లకు పైగా ఖర్చు. కేటాయింపులు లేకుండానే దళానికి అనుమతి ఇచ్చారని 2015లో పారికర్ విమర్శించారు. దాని బలాన్ని 35,000 మందికి కుదించారు. రెండో డివిజన్ ఏర్పాటు నిలిచిపోయింది.

2020 జూన్‌లో గల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు సహా 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. ఆ ఘటనకు, దళం కుదింపుకు నేరుగా ముడిపెట్టడం సబబు కాదు. ఆ తర్వాత ఏం చేయవలసి వచ్చిందన్నదే గమనించాలి. పాకిస్థాన్ సరిహద్దు కోసం తీర్చిదిద్దిన దళాలను ఉత్తరానికి మళ్లించారు. చలి దుస్తుల నుంచి క్షిపణుల దాకా అత్యవసరంగా తెప్పించారు. ఒక్కో ఒప్పందం రూ.300 కోట్ల దాకా ఉండేలా అత్యవసర కొనుగోళ్ల అధికారాలు త్రివిధ దళాలకు ఇచ్చారు. యుద్ధకాలే శస్త్రాభ్యాసః అన్నట్టు తొందరలో కొన్నప్పుడు బేరమాడే వీలు కొన్నవాడికి ఉండదు.

కోతలన్నీ తప్పేనా?

అలా అనడం కూడా పొరపాటే. దళాలు కోరిన ప్రతిదీ కొనడం ఏ దేశానికీ సాధ్యం కాదు. పాఠశాలలు, ఆసుపత్రులు, సాగునీరు అదే ఖజానా నుంచి నడవాలి. ఎఫ్-22ను ఆపిన గేట్స్, అంతకుముందు మందుపాతరలను తట్టుకునే సాయుధ వాహనాలను యుద్ధరంగానికి వేగంగా తరలించారు. నేల మీద పోరాడుతున్న సైనికులకు అప్పుడు అవసరమైనవి అవే. ఉక్రెయిన్ యుద్ధంలో చౌకైన డ్రోన్లు ఖరీదైన ట్యాంకులను, నౌకలను దెబ్బతీశాయి. 2025 మేలో జరిగిన ఆపరేషన్ సిందూర్‌లో డ్రోన్లు, వాటిని కూల్చే గగనతల రక్షణ వ్యవస్థలు కీలకమయ్యాయి. కాలం మారినప్పుడు పాత ప్రణాళికను కుదించి కొత్తదానికి డబ్బు మళ్లించడం వివేకమే.

డబ్బు కొరత ఒక్కటే కారణమనీ చెప్పలేం. 2024–25లో రక్షణ మూలధన వ్యయానికి మొదట రూ.1.72 లక్షల కోట్లు ఇచ్చి, సవరించిన అంచనాల్లో రూ.1.595 లక్షల కోట్లకు తగ్గించారు. అంటే దాదాపు రూ.12,500 కోట్లు అనుకున్న గడువులో ఖర్చు కాలేదు. ఒప్పందాలు సకాలంలో కుదరకపోవడం, విదేశీ ఇంజిన్లు సమయానికి అందక తేజస్ వంటి విమానాలు ఆలస్యం కావడం ఇందుకు దోహదం చేశాయి. ఒకవైపు డబ్బు లేదని కోత, మరోవైపు ఉన్న డబ్బు ఖర్చు కాక వెనక్కి. ఈ రెండూ ఒకే వ్యవస్థలో పక్కపక్కనే సాగుతున్నాయి.

కాబట్టి తేడా చూడవలసింది కోతకు, కోతకు మధ్య. అవసరం తీరిపోయిందని, మెరుగైన మార్గం ఉందని ముందే తేల్చుకుని ఆపితే అది నిర్ణయం. అవసరం ఉందని ఒప్పుకుంటూనే, ఈ ఏడాది డబ్బు లేదు కాబట్టి సంఖ్య తగ్గిస్తే అది వాయిదా. వాయిదాకు వడ్డీ ఉంటుంది. పైన చెప్పిన భారతీయ ఉదాహరణల్లో చాలావరకు రెండో రకానివే.

ఇక ముందు

ఈ వడ్డీని తగ్గించే మార్గాలు తెలియనివి కావు. ఏడాది చివర మురిగిపోని ప్రత్యేక నిధి వాటిలో ఒకటి. రక్షణ, అంతర్గత భద్రతల ఆధునికీకరణకు 2021–26 మధ్య రూ.2,38,354 కోట్ల నిధి ఉండాలని 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. కేంద్రం సూత్రప్రాయంగా అంగీకరించింది. రెండోది, కొనుగోలు ధరతో పాటు ముప్పై, నలభై ఏళ్ల నిర్వహణ ఖర్చును కూడా మొదటి రోజే లెక్కించడం. మూడోది, అంచనా దాటిన ప్రతి కార్యక్రమం గురించి పార్లమెంటుకు తప్పనిసరిగా నివేదించడం. అమెరికా చట్టం ఖర్చును ఆపలేకపోయినా దాచే వీలు లేకుండా చేసింది. మన దేశంలో చాలాసార్లు అది కాగ్ నివేదిక వచ్చేదాకా, అంటే ఏళ్లు గడిచేదాకా తెలియదు.

ఈ చర్చతో హైదరాబాద్‌కు కూడా సంబంధం ఉంది. రఫేల్ విమాన దేహ భాగాలను హైదరాబాద్‌లో తయారు చేసేందుకు దసో ఏవియేషన్, టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ 2025 జూన్‌లో ఒప్పందాలు చేసుకున్నాయి. నెలకు రెండు పూర్తి దేహాలదాకా అందించాలన్నది లక్ష్యం. తేజస్ మధ్య భాగాన్ని కూడా నగరంలోని ఒక ప్రైవేటు సంస్థ తయారు చేస్తోంది. ఈ సంస్థలు యంత్రాల మీద, యువ ఇంజినీర్ల మీద పెట్టే పెట్టుబడి ఢిల్లీలో రాసే అంకెను నమ్మి పెట్టేది. ఆ అంకె సగంలో మారితే వాటికి విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమలు ముందుగా నష్టపోతాయి.

రాబోయే పరీక్ష ఆమ్కా. దేశీయంగా రూపొందించే ఈ ఐదో తరం యుద్ధ విమానం అభివృద్ధికి 2024 మార్చిలో మంత్రివర్గ భద్రతా సంఘం సుమారు రూ.15,000 కోట్లు మంజూరు చేసింది. వైమానిక దళం ఏడు స్క్వాడ్రన్లు కావాలనుకుంటోంది. స్క్వాడ్రన్‌కు 18 చొప్పున లెక్కిస్తే 126 విమానాలు. అభివృద్ధి ఖర్చు ఒక్కో విమానం మీద సుమారు రూ.119 కోట్లు పడుతుంది. మధ్యలో డబ్బు చాలక నలభైతో ఆపితే అదే రూ.375 కోట్లు అవుతుంది. 126 అన్న అంకె భారత వైమానిక దళానికి కొత్తది కాదు. 2007లో అదే అంకెతో మొదలైన ప్రయాణం 36 దగ్గర ఆగింది. ఈసారి ఆ అంకె చివరిదాకా నిలవాలంటే, దానికి కావలసిన ఇరవయ్యేళ్ల డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.